మారు వడ్డన

2019 సెప్టెంబరులో, వినాయక చవితి వెళ్ళిన ఆరో రోజున, పందొమ్మిదేళ్ళ జర్మనీ అమ్మాయి ఒకతె ఏడాదిపాటు ఉండడానికి కనిగిరి దగ్గర ఉన్న మా ఊరికి, మా ఇంటికి వచ్చింది. ఎవరని అడిగిన వాళ్ళందరికీ నేను వాలంటీరు అని చెప్పాను. అంతకు మూడు వారాల ముందే, ఆగస్టు 15న, రాష్ట్రమంతటా యాభై ఇళ్ళకు ఒకరు చొప్పున గ్రామ వాలంటీర్లు పనిలోకి దిగి ఉన్నారు. అందువల్ల మా ఎదురింటి పెద్దమ్మ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, "మన యాభై ఇళ్ళకూ ఈ పిల్లనేశారా సారూ? అయితే మా కోడలి పేరు రేషను కార్డులో ఎక్కించమని చెప్పు" అన్నది. ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఆ పెద్దమ్మ అడిగినదే అసలు ప్రశ్న అని నాకు చాలా రోజుల దాకా తట్టలేదు. ఈ పిల్ల ఎవరి పని చేయడానికి వచ్చింది, ఏ పని చేయగలదు? మొదటి పది రోజుల మట్టుకు నిజం చెప్పాలంటే ఆమె ఏ పనీ చేయలేదు, ఆమెకే ఒకరు పని చేసిపెట్టాలి.

నేను వాదించదలచుకున్నది ఇదే. పరాయి దేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉండడానికి వచ్చిన వాలంటీరు తొలి రోజుల్లో సాయం చేసే మనిషి కాదు, సాయం పుచ్చుకునే మనిషి. ఆ సంగతి ఆమెకూ ఇంటివాళ్ళకూ ఎంత తొందరగా తెలిస్తే అంత మేలు. మన తెలుగు ఇళ్ళలో మాత్రం ఆ సంగతి బయటపడనివ్వకుండా మర్యాదతో కప్పేస్తాం. దానివల్ల వచ్చిన మనిషి నేర్చుకోవలసింది నేర్చుకోకుండా పోతుంది, ఇంట్లో ఆడవాళ్ళు పడే చాకిరీ ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది. ఈ తప్పు స్వయంగా చేసినవాణ్ణి కనుక దీన్ని గురించి మాట్లాడే హక్కు కొంత నాకు ఉందనుకుంటున్నాను.

ముందు ఆ అమ్మాయి ఎలా వచ్చిందో చెప్పాలి. జర్మనీ ప్రభుత్వంలో ఆర్థిక సహకారం, అభివృద్ధి చూసే మంత్రిత్వ శాఖ 2008లో 'వెల్ట్‌వెర్ట్స్' అనే పథకం మొదలుపెట్టింది. ఆ మాటకు 'ప్రపంచం వైపు' అని అర్థం. 18 నుంచి 28 ఏళ్ళ మధ్య వయసున్న వాళ్ళు ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో ఏదో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేయవచ్చు. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే పెట్టుకుంటుంది. మా ప్రాంతంలో పిల్లలకు సాయంత్రం చదువులు చెప్పించే ఒక సంస్థకు ఆమెను కేటాయించారు. ఆ సంస్థవాళ్ళు, ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయుణ్ణి కనుకనో, ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందనుకునో, నన్ను అడిగారు. గది ఖాళీగా లేదు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిది. నేను ఎవరినీ అడగకుండానే సరేనన్నాను.

ఒక విదేశీయురాలు ఇంట్లో దిగితే ఇరవై నాలుగు గంటల లోపల ఇంటి యజమాని 'ఫారం సి' నింపి ఆన్‌లైన్‌లో పంపాలని నాకు ఆ రోజే తెలిసింది. ఆరు నెలలకు మించిన వీసా అయితే పద్నాలుగు రోజుల్లో జిల్లా ఎస్పీ కార్యాలయంలో నమోదు కూడా చేయించాలి. అంటే ఒంగోలుకు బస్సులో ఒక పూట ప్రయాణం. ప్రభుత్వం దృష్టిలో ఆమెకు బాధ్యుణ్ణి నేను. ఈ కాగితాల పనంతా నేను ఎంతో గంభీరంగా చేసుకొచ్చి, ఆతిథ్యంలో నా వంతు అయిపోయిందని అనుకున్నాను. మిగిలినదంతా వంటింట్లో జరిగింది.

పిలుపుల విషయం మా అమ్మ ఒక్క నిమిషంలో తేల్చేసింది. ఆ అమ్మాయి నన్ను పేరుకు ముందు 'మిస్టర్' తగిలించి పిలవబోతే అమ్మ వారించి, మా అమ్మాయికి అక్క అవుతుంది కనుక నేను బాబాయిని, నా భార్య పిన్ని, తాను నాయనమ్మ అని వరసలు కలిపేసింది. నేను వారం రోజులు ఆలోచించి చేసిన ఏర్పాట్లన్నిటికంటే ఆ పని ఎక్కువ అక్కరకు వచ్చింది.

నేను చేసిన ఏర్పాట్లు ఏమిటంటే, స్నానాలగదిలో కొత్తగా కమోడు పెట్టించాను, గదికి సున్నం వేయించాను, ఒక కూలరు, ఒక బల్ల, కుర్చీ, నాలుగు స్పూన్లు, రెండు ఫోర్కులు కొన్నాను. ఆమె భోజనానికి బల్ల మీద, మాకు ఎప్పటిలాగే వంటింట్లో చాపల మీద. ఆమెకు కారం తగ్గించి విడిగా కూర. మేము లేచే వేళకు ఆమె గది తలుపు దగ్గర వేడినీళ్ళ బక్కెట్టు. ఇదంతా గౌరవమనే అనుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, నేను నా ఇంట్లోనే ఒక చిన్న బంగళా కట్టిపెట్టానని అనిపిస్తుంది.

బంగళా అనే మాట ఊరికే వాడలేదు. సాయం చేయడానికి వచ్చిన తెల్లవాళ్ళను మా ప్రాంతం కొత్తగా చూడలేదు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లోనే మొదలైంది. 1866లో ఒంగోలు వచ్చిన ఆ మిషన్ పాదిరి జాన్ ఎవరెట్ క్లౌ, 1876-78 నాటి ధాత కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగానికి తానే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించాడు. మతం సంగతి ఎవరికి తోచినట్టు వాళ్ళు మాట్లాడుకోవచ్చు గాని, ఆ కాలువ గట్టున దొరికిన కూలితో ప్రాణాలు నిలుపుకున్న వాళ్ళు ఉన్నారన్నది కాదనలేం. అయితే ఆ కాలపు దొరలు ఉన్నది బంగళాల్లో. వాళ్ళ వంటిల్లు వేరు, వంటవాడు వేరు. సాయం చేసేవాడి పొయ్యి వేరుగా ఉన్నంతకాలం అతను మన దగ్గర చేయి చాచవలసిన అవసరం రాదు. అతను ఇస్తాడు, మనం పుచ్చుకుంటాం, అంతే. వాలంటీర్లను పరాయి దేశాలకు పంపడానికి అమెరికా ప్రభుత్వం 1961లో మొదలుపెట్టిన పీస్‌కోర్ అనే సంస్థతో ఈ పద్ధతి మారింది. ఇరవై ఏడు నెలల సేవలో మొదటి మూడు నెలలు శిక్షణ కాలం. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ మూడు నెలలూ వాలంటీర్లను స్థానిక కుటుంబాలతోనే ఉంచుతున్నారు. ఒకే పొయ్యి మీద వండినది తిననిమ్మన్నారు. అందులో పెద్ద తెలివి ఉంది. వచ్చినవాడు ముందు అడగడం నేర్చుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్ళు అననే అన్నారు.

చిక్కంతా ఏమిటంటే, ఆ సామెత చుట్టాలకు వర్తించదు. చుట్టం అడగకముందే పెట్టడం మన పద్ధతి. అడిగేదాకా ఆగితే మాట వస్తుంది.

మొదటి మూడు రోజుల భోజనాల సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వాళ్ళ ఇళ్ళలో పెట్టినదంతా తిని పళ్ళెం ఖాళీ చేయడం మర్యాద. తిన్నది నచ్చింది, ఇక చాలు అని దానికి అర్థమట. మన ఇళ్ళలో ఖాళీ పళ్ళేనికి అర్థం వేరు. అన్నం చాలలేదు, వడ్డించేవాళ్ళు చూసుకోలేదు అని. మా అమ్మ ఖాళీ పళ్ళెం కనిపిస్తే ఊరుకునే మనిషి కాదు. ఆ పిల్ల మర్యాద కోసం ఖాళీ చేస్తుంది, అమ్మ మర్యాద కోసం నింపుతుంది. పప్పన్నం, గోంగూర, సాంబారన్నం, గడ్డపెరుగు, ప్రతిదానికీ మారు వడ్డన. ఆమె 'నో, థ్యాంక్యూ' అంటే అమ్మకు అది మొహమాటంగా వినిపించేది. ఎందుకంటే మనలో మొదటిసారి వద్దనడం రివాజు, రెండోసారి వద్దనడం మొహమాటం, మూడోసారి చేయి అడ్డం పెడితేనే అసలు వద్దనడం. ఈ మూడు మెట్ల లెక్క పుట్టినప్పటి నుంచీ మనకు తెలుసు కనుక అదొక లెక్క అన్న సంగతే మనకు తెలియదు. మూడో రోజు రాత్రి ఆమెకు కడుపునొప్పి, వాంతులు. మా అమ్మ దిష్టి అన్నది. నేను నీళ్ళు పడలేదన్నాను. నా భార్య మాత్రం, "ఆ పిల్ల తినలేక తింటా ఉంది, మీరు ఇద్దరూ చూడటంలా" అన్నది. మరునాడు ఆమెకు 'చాలు' అనే మాటా, పళ్ళెం మీద చేయి అడ్డం పెట్టడమూ నేర్పింది నా భార్యే. ఇంగ్లీషు చెప్పి బతికే నాకు ఆ మూడు రోజుల్లో ఆమెతో ఆ ఒక్క ముక్క చెప్పాలని తోచలేదు. మా ఊరి చరిత్ర, ఒంగోలు గిత్తల గొప్పతనం, పొగాకు వేలం పద్ధతి మాత్రం వివరంగా చెప్పాను.

నీళ్ళ విషయంలో జరిగినది ఇంతకంటే చెడ్డది. మా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల నీళ్ళ సంగతి తెలియని తెలుగువాడు ఉండడు. ఇక్కడి రాతి పొరల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును గుర్తించి 1937లో వైద్య పత్రికలో రాసింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో చూసినదాన్ని బట్టే. ఆనాడు ఈ మూడు తాలూకాలూ నెల్లూరు జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు జిల్లా మారింది గాని నీళ్ళు మారలేదు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. పళ్ళు ఏర్పడే వయసులో అంతకు మించిన నీళ్ళు తాగిన పిల్లలకు పళ్ళ మీద గార పడుతుంది. తరువాత ఎంత మంచి నీళ్ళు తాగినా ఆ గార పోదు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుని నడుము వంగిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. నా పళ్ళ మీదే రాసి ఉంది.

ఆ అమ్మాయికి మాత్రం చెప్పలేదు. క్యాను నీళ్ళు జగ్గులో పోసి బల్ల మీద పెట్టాం, ఆవిడ అవే తాగుతుందనుకున్నాం. ఆమె చూసినది వేరు. నా భార్య రోజూ పొద్దున ప్లాంటు దగ్గరి నుంచి ఇరవై లీటర్ల క్యాను మోసుకురావడం చూసింది. ఆ నీళ్ళు కొని తెచ్చేవనీ, కష్టపడి తెచ్చేవనీ గ్రహించి, తన వంతు వాటిలోంచి తీసుకోకూడదని అనుకుంది. తనకు శిక్షణలో చెప్పినట్టు కుళాయి నీళ్ళు పట్టుకుని, పది నిమిషాలు మరగకాచి, చల్లార్చి సీసాలో పోసుకుంది. మా కుళాయికి వచ్చేది బోరు నీళ్ళు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ చావదు. పైగా నీళ్ళు ఆవిరైన మేరకు మిగిలిన నీళ్ళలో దాని పాలు కాస్త పెరుగుతుంది కూడా. మా మీద దయతో ఆమె చేసిన పని అది. అయిదు రోజుల నీళ్ళకు ఎవరికీ ఏమీ కాదు. ఆమె ఆరోగ్యం గురించి నాకు బెంగ లేదు. నాకు సిగ్గు వేసినది మరొకందుకు. మా నీళ్ళు మంచివి కావని ఇంటికి వచ్చిన మనిషితో చెప్పడం మర్యాద కాదనిపించి నేను ఊరుకున్నాను. పిల్లల కోసం, ఊరి కోసం ఏదో చేయాలని అంత దూరం నుంచి వచ్చిన మనిషికి ఊరి గురించి మొదట తెలియవలసిన సంగతే నా మర్యాద అడ్డుపడి తెలియకుండా పోయింది.

ఆమెకు అది తెలిసినది ఫోటోల వల్ల. ఆరో రోజున సాయంత్రం తరగతిలో పిల్లలందరినీ నిలబెట్టి, కొత్తగా నేర్చుకున్న 'నవ్వండి' అనే మాట అన్నది. పెద్ద ఆడపిల్లలు పెదాలు బిగించి నవ్వారు, ఇద్దరు చేయి అడ్డం పెట్టుకున్నారు. తాను ఏదైనా తప్పు మాట అన్నానేమోనని ఇంటికి వచ్చి మా అమ్మాయిని అడిగింది. మా అమ్మాయి పదమూడేళ్ళది. దానికి మర్యాదలు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వీధి చివర ఇంట్లో నడుము వంగిపోయిన తాతను చూపించింది. కాచిన నీళ్ళ సీసా చూసి, "అక్కా, ఇవి తాగబాక" అన్నది. ఆ రాత్రి ఆమె నాతో, బాబాయ్, ఇది మీరు ఎందుకు చెప్పలేదు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 'మీరు ఏమనుకుంటారోనని' అన్నాను. ఇది మనం రోజుకు పదిసార్లు అనే మాటే గాని, దాన్ని ఇంగ్లీషులో చెప్పినప్పుడు ఎంత తక్కువ అర్థం ఉందో తెలిసింది.

ఇక చాకిరీ లెక్క. ఆ పది రోజులూ నా భార్య తెల్లవారుజామున నాలుగున్నరకే లేచింది. రెండు రకాల కూరలు, రెండు వేళల వడ్డన, విడి నీళ్ళు, విడి దుప్పట్లు. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నా బల్ల పక్కన నిలబడి వడ్డించింది. బడిలో తోటి ఉపాధ్యాయులు మాత్రం నన్ను మెచ్చుకున్నారు, పరాయి దేశపు పిల్లను సొంత బిడ్డలా చూసుకుంటున్నారట సార్ అని. సంస్థవాళ్ళు భోజనం ఖర్చు కింద నెలకింత అని ఇచ్చే డబ్బు నా ఖాతాలోనే పడింది. వెల్ట్‌వెర్ట్స్ నియమాల ప్రకారం ఏడాది సేవ చేసే వాలంటీరుకు మొత్తం మీద కనీసం ఇరవై అయిదు రోజుల శిక్షణ శిబిరాలు ఉంటాయి. వెళ్ళేముందు కొన్ని, మధ్యలో కొన్ని, తిరిగి వెళ్ళాక కొన్ని. కొత్త చోట ఎలా మసలుకోవాలి, తన అలవాట్లను ఎలా పక్కన పెట్టుకోవాలి అని వాటిలో చెబుతారు. మంచిదే. మరి ఆమెకు ఇంట్లో చోటిచ్చిన ఇద్దరు ఆడవాళ్ళకు ఎన్ని రోజుల శిక్షణ? మా మట్టుకు ఒక్క పూట కూడా లేదు. సంస్థ నుంచి ఒకాయన వచ్చి నాతో అరగంట మాట్లాడి, కాఫీ తాగి వెళ్ళాడు. ఆ కాఫీ కూడా నా భార్యే పెట్టింది. రెండో నెల నుంచి ఆ డబ్బు ఆమె ఖాతాకు మార్పించాను. మొదటి నెలే ఆ పని చేయలేదేమని ఆమె ఇప్పటికీ అడుగుతుంది.

ఆ ఇంటి పరిస్థితి మారినది మా అమ్మ వల్ల, అదీ విసుగు వల్ల. పది రోజులు గడిచాక నా భార్యకు జ్వరం వచ్చింది. క్యాను తెచ్చేవాళ్ళు లేరు, నేను బడికి వెళ్ళిపోయాను. వరండాలో మా అమ్మాయి సైకిలు ఉంది. మా అమ్మ ఆ పిల్లకు ఖాళీ క్యాను ఇచ్చి, అయిదు రూపాయల బిళ్ళ చేతిలో పెట్టి, ప్లాంటు వైపు చేయి చూపించిందట. సైకిలు తొక్కడం ఆమెకు నడక నేర్చినప్పటి నుంచి వచ్చు. ఇరవై కిలోల బరువు వెనక కట్టుకుని తొక్కడం రాదు. మొదటిసారి క్యాను జారి దారి మీద నీళ్ళన్నీ పోయాయి. ప్లాంటు దగ్గర ఆడుకునే పిల్లలు పాత సైకిలు ట్యూబు ముక్కతో క్యానును అడ్డంగా ఎలా బిగించి కట్టాలో చూపించారు. రెండోసారి క్యాను ఇల్లు చేరింది.

నేను సాయంత్రం ఇంటికి వచ్చేలోపలే బస్టాండు దగ్గర నలుగురు ఆపి అడిగారు: "ఏం సార్, దొరసాని చేత నీళ్ళు మోయిస్తున్నారంట?" తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి అమ్మ మీద అరిచాను. అమ్మ నిదానంగా, "అబ్బయ్యా, నా కోడలు పదేళ్ళ నుంచి మోస్తా ఉంటే నిన్నెవరూ అడగలేదే" అన్నది. నేను అప్పుడే కాదు, ఇప్పుడు కూడా దానికి బదులు చెప్పలేను.

ఆ మరునాటి నుంచి నీళ్ళు తేవడం ఆ పిల్ల వంతు అయింది. ప్లాంటు దగ్గర వరసలో నిలబడడం వల్ల ఆమెకు తెలిసిన విషయాలు నేను ఎన్ని సాయంత్రాలు కూర్చుని చెప్పినా తెలిసేవి కావు. ఏ ఇంటివాళ్ళు రోజుకు రెండు క్యాన్లు పడతారు, ఏ ఇంటివాళ్ళు రెండు రోజులకు ఒకటి పట్టి తాగడానికి మాత్రమే వాడి, వంటకు బోరు నీళ్ళే పోస్తారు, అసలు వరసలోకే రాని ఇళ్ళు ఏవి, కరెంటు పోయిన రోజున ఏం చేస్తారు. అన్నం, పప్పు బోరు నీళ్ళతో ఉడికితే తాగే నీళ్ళు ఒక్కటే మంచివి కావడం సరిపోదన్న సంగతి ఆమె ఆ వరసలో నిలబడి ఒక కూలి మనిషి చెప్పగా తెలుసుకుంది. తరువాత పిల్లల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడడానికి ఆమెకు దొరికిన మొదటి ఆధారం అదే. ఇంటి లోపల కూడా మార్పు వచ్చింది. బల్ల మీద భోజనం మానేసి మాతో పాటు చాప మీద కూర్చుంది. కూర ఒక్కటే అయింది. కారం కాస్త మేము తగ్గించుకున్నాం, కాస్త ఆమె ఓర్చుకుంది. మా అమ్మ ఆమెను మొదటిసారి కోప్పడినది కూడా ఆ వారమే, గోంగూర కాడలతో సహా కోసి పోసినందుకు.

ఈ అనుభవం చెప్పినప్పుడల్లా మిత్రులు రెండు రకాల అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, అసలు ఈ పిల్లలు రావడం ఎందుకని. ఇది చిన్న మాట కాదు. 1968లో ఇవాన్ ఇల్లిచ్ అనే ఆలోచనాపరుడు మెక్సికోలో సేవ చేయడానికి వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముందే నిలబడి, మీరు సాయం చేయడానికి రావద్దని చెప్పాడు. చూడడానికి రండి, చదువుకోవడానికి రండి గాని మీ మంచితనం మా మీద రుద్దవద్దని ఆయన వాదన. మా ఇంట్లో గడిచిన మొదటి పది రోజులు చూస్తే ఆయన మాటలో సగం నాకు నిజమే అనిపిస్తుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల ఫ్లోరైడ్ సమస్యను ఏమి తీర్చగలదు? ఎనభై ఏళ్ళకు పైగా ప్రభుత్వాలకే తీరలేదు. అయితే రావద్దని చెప్పడంతో నేను ఏకీభవించను. సాయం చేయడానికి వచ్చానన్న నమ్మకం లేకపోతే ఆ వయసు పిల్లలు మా ఊరి నీళ్ళ వరసలో నిలబడడానికి రారు. ఒంగోలు దాకా రైల్లో వచ్చి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. వచ్చేటప్పుడు ఆ నమ్మకం ఉండనివ్వండి. పది రోజుల్లో దాన్ని కొంచెం కొంచెంగా తగ్గించే పని మన ఇళ్ళది. ఆ పని చేయకుండా కమోడు పెట్టించి, విడి కూర వండి, వాళ్ళను వచ్చినట్టే తిప్పి పంపేది మనమే.

రెండో అభ్యంతరం, ఆడపిల్ల కదా, హాస్టల్లో ఉంచితే క్షేమం కదా, ఇంటివాళ్ళకు బరువు తప్పుతుంది కదా అని. క్షేమం మాట నేను తోసిపుచ్చను. గదికి లోపలి గడియ ఉండాలి, ఇబ్బంది వస్తే ఇంటివాళ్ళకు సంబంధం లేని మనిషికి ఫోను చేసే వీలు ఉండాలి, నచ్చకపోతే మరో ఇంటికి మారే దారి ఉండాలి. మా ఇంట్లో గడియ మూడో రోజున బిగించాం, అదీ ఆమె తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటోందని మా అమ్మాయి చెప్పాక. బరువు సంగతికి వస్తే, దాన్ని తప్పించడం కంటే లెక్కలో వేయడం సరైన పని. ఇచ్చే డబ్బు వండే మనిషి చేతికి రావాలి. వాలంటీరుకు ఇరవై అయిదు రోజులైతే, ఇంటి ఆడవాళ్ళకు కనీసం రెండు రోజులైనా వాళ్ళ భాషలో కూర్చోబెట్టి చెప్పాలి. ఖాళీ పళ్ళెం అంటే అక్కడ ఏమిటి, తలుపు మూసుకుంటే కోపం కాదు, పని చెబితే తప్పు కాదు అని. ఈ ముక్క మా అమ్మకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్లకు మూడో రోజున కడుపునొప్పి వచ్చేది కాదు.

ఏడాది ఉండవలసిన అమ్మాయి ఆరు నెలలకే వెళ్ళిపోయింది. 2020 మార్చిలో కరోనా వల్ల జర్మనీ ప్రభుత్వం అన్ని దేశాల నుంచీ తన వాలంటీర్లను వెనక్కి పిలిపించింది. మా అమ్మాయి తన గదిలోకి తిరిగి వెళ్ళింది. నీళ్ళ క్యాను నా వంతుకు వచ్చింది.

ఆ పథకంలో 2013 నుంచి ఇటువైపు వాళ్ళు అటు వెళ్ళే ఏర్పాటు కూడా ఉంది. మన దేశపు యువతీయువకులు జర్మనీ వెళ్ళి అక్కడి సంస్థల్లో ఏడాది పనిచేయవచ్చు. మా అమ్మాయికి ఇప్పుడు పందొమ్మిదేళ్ళు నిండాయి, దరఖాస్తు పెట్టుకుంది. ఎంపికైతే ఏదైనా ఒక ఇంట్లో ఉండవలసి రావచ్చు. అక్కడ కూడా కొత్తగా దిగిన మనిషి రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో నమోదు కావాలి, చోటిచ్చినవాళ్ళు సంతకం పెట్టి కాగితం ఇవ్వాలి. నా 'ఫారం సి'కి తోబుట్టువు అన్నమాట. ఆ కాగితాల వివరాలన్నీ నేను సేకరించి పెట్టాను. అలవాటు పోలేదు.

మా అమ్మ బెంగ మాత్రం వేరే ఉంది. అక్కడ అన్నం ఒక్కసారే అడుగుతారని, వద్దంటే నిజంగానే గిన్నె తీసేస్తారని ఆ జర్మనీ అమ్మాయి తనతో ఎప్పుడో చెప్పిందట. మా పిల్లది మొహమాటం. మొదటిసారి ఎవరు అడిగినా వద్దంటుంది. అందుకని ఈమధ్య రాత్రి భోజనాల దగ్గర అమ్మ దానికి శిక్షణ మొదలుపెట్టింది. గరిటె పట్టుకుని ఒక్కసారి అడుగుతుంది. అది అలవాటుగా వద్దంటే, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది. నిన్న రాత్రి కూడా అట్లాగే వెళ్ళబోయి, గుమ్మం దగ్గర ఆగి, "కావాలంటే కావాలను, వద్దనబాక. అక్కడ నేనుండనే" అని, మళ్ళీ వెనక్కి వచ్చి వడ్డించింది.